ఇంగ్లిష్ ఉచ్చారణ: నోరు తిరగకపోవడానికి కారణం చెవిలోనూ ఉంది

క్లుప్తంగా: పరాయి యాస ఉన్నంత మాత్రాన మాట అర్థం కాకుండా పోదు. ఊనిక (స్ట్రెస్, అంటే మాటలో ఒక ముక్కను నొక్కి పలకడం) తప్పు చోట పడినా, మింగేయాల్సిన ముక్కల్ని కూడా గట్టిగా పలికినా, ఒక హల్లు మరో హల్లులా వినిపించినా వినేవారు తడబడతారు. వీటిలో చాలావాటికి మూలం స్పెల్లింగ్ చూసి చదివే అలవాటులో, మాతృభాషకు స్థిరపడిపోయిన చెవిలో ఉంది. అందుకే సాధన వినడంతో మొదలుకావాలి.

ఫోన్‌లోని వాయిస్ అసిస్టెంట్‌కు ఒకే మాట మూడుసార్లు చెప్పాల్సి రావడం, మీటింగ్‌లో అవతలి వ్యక్తి ‘సారీ?’ అని మళ్లీ అడగడం, ఇంటర్వ్యూ ముందు రోజంతా టెన్షన్ పడటం. ఇంగ్లిష్‌ను రెండో భాషగా నేర్చుకున్నవారికి ఇవేవీ కొత్త కాదు. వ్యాకరణం బాగానే ఉంటుంది, పదాలకు లోటుండదు, రాసినదాంట్లో వంక పెట్టడానికి ఏమీ దొరకదు. మాట్లాడేసరికే ఇబ్బంది మొదలవుతుంది.

ఈ ఇబ్బందికి ఇప్పుడు రెండు రకాల పరిష్కారాలు జోరుగా ప్రచారంలో ఉన్నాయి. కొద్ది రోజుల్లోనే అమెరికన్ యాక్సెంట్ వచ్చేస్తుందని చెప్పే కోర్సులు ఒక రకం. మనిషి మాట్లాడుతుండగానే యాసను మార్చి అవతలి చెవికి చేర్చే సాఫ్ట్‌వేర్ రెండో రకం. యాసే అసలు సమస్య అన్న నమ్మకం మీదే ఈ రెండూ నడుస్తున్నాయి. ఆ నమ్మకం ఎంతవరకు సరైనదో చూడాలంటే ముందు యాసను, ఉచ్చారణను విడదీసి చూడాలి.

యాస వేరు, అర్థం కాకపోవడం వేరు

కెనడా పరిశోధకులు మరే మన్రో, ట్రేసీ డెర్వింగ్ 1995లో ప్రచురించిన ఒక అధ్యయనం ఈ రంగంలో చర్చను మలుపు తిప్పింది. మాండరిన్ మాతృభాషగా ఉన్నవారు ఇంగ్లిష్‌లో చెప్పిన చిన్న కథల్ని రికార్డు చేసి, ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవారికి వినిపించారు. విన్నవారికి మూడు పనులు అప్పగించారు. విన్నది విన్నట్టు రాయాలి, యాస ఎంత గాఢంగా ఉందో మార్కులు వేయాలి, అర్థం చేసుకోవడానికి ఎంత కష్టపడాల్సి వచ్చిందో చెప్పాలి. ‘యాస చాలా ఎక్కువ’ అని మార్కులు పడ్డ మాటల్లో కూడా చాలావాటిని శ్రోతలు అక్షరం పొల్లుపోకుండా రాయగలిగారు. అంటే యాస తెలుస్తూనే ఉన్నా అర్థానికి అడ్డం రాలేదు.

యాస, మాట అర్థం కావడం, అందుకు వినేవారు పడే శ్రమ అనే ఈ మూడింటినీ కలిపి చూడటం వల్లే చాలామంది తమ శ్రమను పనికిరాని చోట పెడుతున్నారు. యాస అందరికీ ఉంటుంది. లండన్ మనిషికీ ఉంటుంది, టెక్సస్ మనిషికీ ఉంటుంది. బ్రిటన్‌లో పాఠ్యపుస్తకాల ప్రమాణంగా చెలామణీ అయిన ఉచ్చారణతో నిజంగా మాట్లాడేవారు అక్కడి జనాభాలో చాలా కొద్దిమందే. నిఘంటువుల్లో ఇచ్చే ఉచ్చారణ ఒక కొలబద్ద మాత్రమే. దేశమంతా అలాగే మాట్లాడుతుందని దానికి అర్థం కాదు.

పెద్దయ్యాక నేర్చుకున్న భాషలో యాస ఎంత మొండిగా నిలిచిపోతుందో చెప్పడానికి జోసెఫ్ కాన్రాడ్ ఉదాహరణను తరచూ తీసుకుంటారు. పోలిష్ మాతృభాషగా పెరిగిన ఆయన ఇరవై ఏళ్లు దాటాక ఇంగ్లిష్ నేర్చుకున్నారు, ఇంగ్లిష్ నవలా సాహిత్యంలో అగ్రశ్రేణి రచయితగా నిలిచారు. మాట్లాడేటప్పుడు మాత్రం పోలిష్ యాస చివరిదాకా ఆయన్ను వదల్లేదు. భాష మీద పట్టుకు, యాసకు లంకె ఎంత తక్కువో ఆయన జీవితంలో స్పష్టంగా కనిపిస్తుంది.

చెవి ఎప్పుడు స్థిరపడుతుంది?

పుట్టిన కొత్తలో పసిపిల్లల చెవి అన్ని భాషలకూ తెరిచే ఉంటుంది. జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ 1984లో ప్రచురించిన ప్రయోగం దీన్ని చక్కగా చూపించింది. వాళ్లు పరీక్షించిన ధ్వనుల్లో ఒక జంట హిందీలోని త, ట. ఇంగ్లిష్ ఇళ్లలో పెరుగుతున్న ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లల్లో ఎక్కువమంది ఈ తేడాను గుర్తుపట్టారు. పది నుంచి పన్నెండు నెలలకు వచ్చేసరికి అదే భాష వింటున్న పిల్లల్లో ఆ శక్తి బాగా తగ్గిపోయింది. ఇంగ్లిష్‌లో త, ట తేడాతో మాట అర్థం మారదు కాబట్టి, అక్కర్లేని తేడాను మెదడు పక్కన పెట్టేసింది.

తెలుగు పాఠకులకు ఈ ప్రయోగాన్ని తిప్పి చూస్తే విషయం ఇట్టే అర్థమవుతుంది. తాత, టాటా మనకు పూర్తిగా వేరు మాటలు. ఇంగ్లిష్ మాత్రమే తెలిసిన పెద్దలు చాలామందికి వాటిలోని హల్లులు ఒకేలా వినిపిస్తాయి. మనం ఎంత విడమర్చి చెప్పినా పట్టుకోలేరు. వాళ్ల చెవికి లోపమేమీ లేదు, వాళ్ల భాషకు ఆ తేడాతో పని పడలేదంతే. సరిగ్గా అదే పని ఇంగ్లిష్‌లోని వీ, డబ్ల్యూ ధ్వనుల విషయంలో తెలుగు చెవి చేస్తుంది. రెండింటినీ ‘వ’ అనే ఒకే గూట్లో వేస్తుంది. జపనీస్ మాట్లాడేవారికి ర, ల విషయంలో జరిగేదీ ఇదే. స్పానిష్ మాట్లాడేవారికి ఓడను సూచించే ‘షిప్’, గొర్రెను సూచించే ‘షీప్’ కలిసిపోతాయి.

జేమ్స్ ఫ్లెగీ 1990లలో రూపొందించిన సిద్ధాంతం ఇక్కడ ఒక ముఖ్యమైన మెలికను ఎత్తిచూపింది. మాతృభాషలో అసలే లేని ధ్వని కంటే, మాతృభాషలోని ఏదో ఒక ధ్వనికి దగ్గరగా ఉన్న ధ్వనే ఎక్కువ కష్టం. పూర్తిగా కొత్తదైతే మెదడు దానికి కొత్త గూడు కడుతుంది. దగ్గరిదైతే ‘ఇది మనకు తెలిసిందే’ అని పాత గూట్లో పడేస్తుంది. ఇంగ్లిష్ టీ, డీ అక్షరాల్ని తెలుగువారు ట, డ అని పలకడం, ఏళ్లు గడిచినా అది మారకపోవడం ఇందువల్లే. ఇంగ్లిష్‌లో వీటికి నాలుక కొన పైపళ్ల వెనక ఉన్న గట్టు మీద తగులుతుంది. తెలుగులో నాలుక ఇంకాస్త వెనక్కి మడుచుకుంటుంది. తేడా చిన్నదే కాబట్టి చెవి పట్టించుకోదు, చెవి పట్టించుకోనిదాన్ని నోరు దిద్దుకోదు.

భాషా సామర్థ్యానికి ఒక వయసు గడువు ఉంటుందని ఎరిక్ లెన్నెబర్గ్ 1967లో వాదించారు. మిగతా విషయాల మాటెలా ఉన్నా, యాస విషయంలో వయసు ప్రభావం గట్టిగానే కనిపిస్తుంది. కానీ ప్రభావం ఉండటమంటే తలుపు మూసుకుపోవడం కాదు. 1991లో లోగన్, లైవ్లీ, పిసోనీ జపనీస్ మాట్లాడే పెద్దలకు ర, ల తేడాను వినిపించి శిక్షణ ఇచ్చారు. ఒకే గొంతు కాకుండా చాలామంది గొంతుల్లో, ఒకే మాట కాకుండా చాలా మాటల్లో ఆ ధ్వనుల్ని వినిపించారు. గుర్తుపట్టే శక్తి పెరిగింది. 1997లో బ్రాడ్‌లో బృందం ప్రచురించిన ఫలితం ఇంకా ఆసక్తికరం. వినడంలో మాత్రమే శిక్షణ పొందినవారి ఉచ్చారణ కూడా మెరుగుపడింది. పలికించకుండానే నోరు కొంత దారిలోకి వచ్చింది.

స్పెల్లింగ్ పెట్టిన చిక్కు

తెలుగు చదవడం వచ్చినవారికి ఒక అలవాటు బలంగా ఉంటుంది. రాసినట్టు చదువుతాం, పలికినట్టు రాస్తాం. ఇంగ్లిష్‌లో ఆ అలవాటు కొంపముంచుతుంది. 26 అక్షరాలతో సుమారు 44 ధ్వనుల్ని రాయాలి. అచ్చులకైతే అయిదే అక్షరాలు, ధ్వనులు మాత్రం యాసను బట్టి ఇరవై దాకా ఉంటాయి.

దీని వెనక చరిత్ర ఉంది. సుమారు 1400 నుంచి 1700 మధ్య ఇంగ్లిష్‌లో దీర్ఘాచ్చుల ఉచ్చారణ దాదాపు మొత్తం మారిపోయింది. విలియం కాక్స్టన్ వెస్ట్‌మినిస్టర్‌లో అచ్చుయంత్రం పెట్టింది 1476లో. ముద్రణ వల్ల స్పెల్లింగులు మెల్లగా గట్టిపడుతున్న కాలంలోనే నోళ్లలో ధ్వనులు జరిగిపోతూ వచ్చాయి. అందుకే ఈనాటి ఇంగ్లిష్ పేజీ మీద చాలాచోట్ల కనిపించేది కొన్ని వందల ఏళ్ల నాటి ఉచ్చారణ. మోకాలును సూచించే ‘నీ’ అనే మాటలో ముందున్న కే అక్షరాన్ని ఒకప్పుడు నిజంగానే పలికేవారు. ఇప్పుడు ఆ అక్షరం మిగిలింది, ధ్వని పోయింది.

కంటితో నేర్చుకున్న ఇంగ్లిష్ నోట్లో ఎలా పలుకుతుందో చెప్పడానికి ఒక చిన్న ప్రత్యయం చాలు. భూతకాల క్రియల చివర వచ్చే ఈ, డీ (ed) అక్షరాలకు మూడు ఉచ్చారణలున్నాయి. ‘వాక్’ తర్వాత అది ‘ట్’ అవుతుంది, అంటే ‘వాక్ట్’. ‘కాల్’ తర్వాత ‘డ్’ అవుతుంది. ‘వాంట్’ తర్వాత మాత్రమే ‘ఇడ్’ అని ఒక సిలబుల్ (ఒక్క ఊపులో పలికే ముక్క) పెరుగుతుంది. దీని వెనక ఉన్న సూత్రం తెలుగువారికి పరాయిది కాదు. పరుషం పక్కన పరుషం, సరళం పక్కన సరళం రావడం మన వ్యాకరణం చదివినవారికి తెలిసిన సంగతే. అయినా స్పెల్లింగ్‌లో డీ కనిపిస్తుంది కాబట్టి ‘వాక్‌డ్’ అనీ, ఈ కనిపిస్తుంది కాబట్టి ‘వాకెడ్’ అనీ పలుకుతారు. బహువచనం చివర ఉండే ఎస్ అక్షరం విషయమూ ఇంతే. ‘క్యాట్స్’లో అది స్, ‘డాగ్స్’లో గొంతు మోగే జడ్ ధ్వని.

జంట అక్షరాలు మరో ఉచ్చు. తెలుగులో గడి వేరు, గడ్డి వేరు. హల్లు రెట్టిస్తే అర్థమే మారుతుంది. ఇంగ్లిష్‌లో జంట హల్లు చాలావరకు కంటికే. దాని ముందున్న అచ్చు పొట్టిదని సూచించడమే అక్కడ దాని పని. ‘సమ్మర్’ అని మనం రాస్తున్నాం కానీ ఇంగ్లిష్‌వారు ‘సమర్’ అన్నంత తేలిగ్గా పలుకుతారు. ‘కంఫర్టబుల్’ వారి నోట చాలాసార్లు ‘కంఫ్టబుల్’. వారంలో మూడో పనిదినం ‘వెన్‌జ్‌డే’. అయితే ఒక సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. తెలుగు మాట్లాడేటప్పుడు బస్సు, కారు, రోడ్డు అనడం తప్పేమీ కాదు. అవి తెలుగైపోయిన మాటలు, తెలుగు పద్ధతిలో అచ్చుతో ముగుస్తాయి. ఇంగ్లిష్ వాక్యం మధ్యలో కూడా ఆ చివరి ‘ఉ’ వచ్చి చేరితేనే వినేవారికి లేని సిలబుల్ ఒకటి వినిపిస్తుంది.

తెలుగు నోటికి ఎక్కడ తడబాటు, ఎక్కడ వెసులుబాటు

ప, ట, క ధ్వనులతో మొదలుపెట్టాలి, ఎందుకంటే ఇక్కడ సమస్య ఉందన్న సంగతే చాలామందికి తెలియదు. ఇంగ్లిష్‌లో ఊనిక ఉన్న సిలబుల్ ఈ ధ్వనులతో మొదలైతే వెనకాలే ఊపిరి ఒక విసురుగా బయటికి వస్తుంది. తెలుగు లెక్కలో అది ఒత్తు. పెదవుల ముందు పల్చటి కాగితం ముక్క పట్టుకుని ఇంగ్లిష్‌వారు గుండుసూది అనే అర్థంలో ‘పిన్’ అంటే కాగితం ఎగురుతుంది. ‘స్పిన్’ అంటే దాదాపు కదలదు. పెదవులు విడిపోయాక గొంతు మోగడం మొదలవడానికి ఇంగ్లిష్ ‘పిన్’లో సుమారు 60 మిల్లీసెకన్లు పడుతుంది. ఒత్తు లేని ప లాంటి ధ్వనిలో అది 10 నుంచి 20 మిల్లీసెకన్లే. ఇంగ్లిష్ చెవి ప, బ తేడాను ప్రధానంగా ఈ వ్యవధిని బట్టే పోల్చుకుంటుంది. కాబట్టి తెలుగు పద్ధతిలో ఊపిరి లేకుండా ‘పిన్’ అంటే వారికి ‘బిన్’, అంటే చెత్తడబ్బా, వినిపించే అవకాశం ఉంది. విచిత్రమేమిటంటే ఖ, ఠ లాంటి ఒత్తక్షరాలు తెలుగు వర్ణమాలలోనే ఉన్నాయి. కావలసిన పనిముట్టు ఇంట్లోనే ఉంది. ఇక్కడ వాడాలన్న సంగతి స్పెల్లింగ్ చెప్పదు.

అలాంటి మరో వెసులుబాటు ‘బ్యాట్’, ‘మ్యాన్’ మాటల్లోని అచ్చు. దీనికి తెలుగులో అక్షరం లేదు, అందుకే యకారం చేర్చి రాస్తాం. రాసినదాన్ని చూసి ‘య’ను కూడా పలికేస్తాం. నిజానికి ఆ అచ్చు తెలుగు నోటికి కొత్త కాదు. ‘వచ్చాడు’ అనే మాటను చాలామంది మామూలుగా మాట్లాడేటప్పుడు గమనిస్తే, ‘చ్చా’లో వినిపించేది ‘కాకి’లో ఉన్న ఆ కాదు. ఆ, ఏ రెండింటికీ మధ్య పలికే అచ్చు అది. ‘వచ్చాడు’ అని కొందరు, ‘వచ్చేడు’ అని కొందరు రాస్తూ రావడానికి కారణం ఇదే. ఆ అచ్చును ‘మ్’ తర్వాత నేరుగా పెడితే, ‘య’ జోక్యం లేకుండా, ఇంగ్లిష్ ‘మ్యాన్’కు చాలా దగ్గరికి వస్తుంది.

జడ్ ధ్వనికీ దారి ఇంట్లోనే దొరుకుతుంది. ‘జడ’లోని దంత్య జకారం దానికి చుట్టమే, మొదట్లో నాలుక అడ్డుపడటం ఒక్కటే తేడా. గొంతు మీద వేళ్లు ఆనించి ‘స్‌స్‌స్’ అంటూ, మధ్యలో గొంతును మోగిస్తే వేళ్లకు అదురు తెలుస్తుంది. ఆ అదురుతో వచ్చేదే జడ్. వీ ధ్వనికి పైపళ్లు కింది పెదవికి తగలాలి, గాలి ఒరుసుకుంటూ రావాలి. డబ్ల్యూకు పళ్లతో పనిలేదు, పెదవులు ‘ఊ’ అన్నట్టు గుండ్రంగా ముందుకు రావాలి. తెలుగు ‘వ’ రెండింటికీ మధ్య ఎక్కడో ఆగుతుంది.

‘థింక్’లోని ధ్వనిని థ అని రాస్తాం కానీ రెండూ ఒకటి కాదు. థ అనడానికి నాలుక గాలిని పూర్తిగా ఆపి వదులుతుంది. ఇంగ్లిష్ ధ్వనిలో గాలి ఆగదు, ఊపిరి ఉన్నంతసేపు సాగదీయవచ్చు. ఈ ధ్వని మీద పడే శ్రమ మాత్రం చాలాసార్లు దాని విలువకు మించి ఉంటుంది. ఎందుకో కింద చూద్దాం.

అసలు బరువు ఊనికది

హల్లుల కంటే పెద్ద సమస్య ఇక్కడుంది. ఇంగ్లిష్‌లో ఒక మాటలోని సిలబుళ్లన్నీ సమానం కాదు. ఒకటి పొడవుగా, గట్టిగా, స్పష్టంగా పలుకుతుంది. మిగిలినవి కుంచించుకుపోతాయి. ‘ఫోటోగ్రాఫ్’లో ఊనిక మొదటి ముక్క మీద, ‘ఫోటోగ్రాఫర్’లో రెండో ముక్క మీద, ‘ఫోటోగ్రాఫిక్’లో మూడో ముక్క మీద. ఇంగ్లిష్‌వారి నోట అవి ఇంచుమించు ‘ఫోటగ్రాఫ్’, ‘ఫటాగ్రఫర్’, ‘ఫోటగ్రాఫిక్’ అని వినిపిస్తాయి. ఊనిక జరిగితే అచ్చులే మారిపోయాయి. ఊనిక లేని చోట పలికే ఆ పొట్టి, నీరసమైన ‘అ’ లాంటి ధ్వని ఇంగ్లిష్‌లో అన్నిటికంటే ఎక్కువగా వచ్చే అచ్చు. దానికంటూ ఒక అక్షరం లేదు. స్పెల్లింగ్‌లో ఏ అచ్చు ముసుగులోనైనా అది ఉండవచ్చు.

తెలుగు చెవికి ఇది కొరుకుడు పడకపోవడానికి కారణం మన ఛందస్సులోనే కనిపిస్తుంది. తెలుగు పద్యం గురువులు, లఘువులు లెక్కపెడుతుంది. అంటే మనం కొలిచేది నిడివి. కల, కాల వేరు మాటలు కావడం నిడివి వల్లే. ఇంగ్లిష్ పద్యం కొలిచేది బరువు, ఏ సిలబుల్ గట్టిది, ఏది నీరసమైనది అన్నది. తెలుగు మాట్లాడేవారు ప్రతి అక్షరానికీ న్యాయం చేస్తారు. అదే న్యాయం ఇంగ్లిష్‌లో చేస్తే, ఏ ముక్కను పట్టుకోవాలో వినేవారికి తెలియదు. మనకున్న నిడివి పట్టును మాత్రం ఇక్కడ వాడుకోవచ్చు. ఊనిక ఉన్న సిలబుల్‌ను గురువులా సాగదీసి, మిగతావాటిని లఘువుల కంటే లఘువుగా దాటేస్తే సగం పని అయినట్టే.

భాషల్ని ఊనిక లయవి, సిలబుల్ లయవి అని కెన్నెత్ పైక్ 1945లో విడదీశారు. ఇంగ్లిష్‌లో ఊనికల మధ్య కాలం సమానంగా ఉంటుందన్న పాత మాట తర్వాతి కొలతల్లో అంత కచ్చితంగా నిలబడలేదు. నిలబడింది ఏమిటంటే, బలహీన సిలబుళ్లను ఇంగ్లిష్ విపరీతంగా కుదిస్తుందన్నది. ‘కిడ్స్ రీడ్ బుక్స్’ అనే మూడు ముక్కల వాక్యాన్ని, ‘ద కిడ్స్ విల్ బి రీడింగ్ ద బుక్స్’ అనే ఎనిమిది ముక్కల వాక్యాన్ని చెప్పడానికి పట్టే సమయంలో తేడా మనం ఊహించిన దానికంటే తక్కువ. మధ్యలోని చిన్న మాటల్ని మింగేస్తారు.

ఈ మింగడం తెలియకపోతే అర్థం తలకిందులైన సందర్భాలూ ఉంటాయి. ‘నేను రాగలను’ అన్నప్పుడు ఇంగ్లిష్‌వారు ‘ఐ కన్ కమ్’ అంటారు, ‘కన్’ వినీవినిపించనట్టు ఉంటుంది. ‘రాలేను’ అన్నప్పుడు అమెరికన్లు ‘ఐ క్యాన్ట్ కమ్’ అంటారు. ‘క్యాన్ట్’ మీద ఊనిక పడుతుంది, చివరి ‘ట్’ చాలాసార్లు వినిపించదు. ‘అవును’, ‘కాదు’ అన్న తేడాను వాళ్ల చెవి పట్టేది ఆ ‘ట్’ను బట్టి కంటే అచ్చు గట్టిదా, నీరసమైనదా అన్నదాన్ని బట్టే. కాబట్టి స్పష్టంగా ఉండాలని ‘ఐ క్యాన్ కమ్’ అంటూ ‘క్యాన్’ను నొక్కి చెప్పినవారు రారని అవతలివారు అనుకునే ప్రమాదముంది.

పరిశోధనలూ ఇటే చూపిస్తున్నాయి. లారా హాన్ 2004లో ఒకే ఉపన్యాసాన్ని వాక్యంలోని ప్రధాన ఊనిక సరైన చోట, తప్పు చోట, అసలు లేకుండా మూడు రకాలుగా వినిపించారు. సరైన చోట ఉన్నప్పుడు శ్రోతలకు విషయం ఎక్కువగా గుర్తుంది, మాట్లాడిన వ్యక్తి మీద అభిప్రాయం కూడా మెరుగ్గా ఉంది. 1998లో డెర్వింగ్, మన్రో, వీబీ చేసిన పోలిక మరింత ఆచరణకు దగ్గరిది. ఒక బృందానికి విడి ధ్వనుల మీద, మరో బృందానికి లయ, ఊనిక, స్వరం మీద శిక్షణ ఇచ్చారు. వాక్యాలు చదివినప్పుడు ఇద్దరిలోనూ మెరుగుదల కనిపించింది. అప్పటికప్పుడు కథ చెప్పమన్నప్పుడు మాత్రం, లయ నేర్చుకున్నవారి మాటే అర్థం చేసుకోవడానికి తేలికైంది.

ఏది దిద్దుకోవాలి, ఏది వదిలేయవచ్చు

వేర్వేరు మాతృభాషలవారు తమలో తాము ఇంగ్లిష్‌లో మాట్లాడుకునేటప్పుడు అపార్థాలు ఎక్కడ వస్తున్నాయో జెన్నిఫర్ జెంకిన్స్ పరిశీలించి, 2000లో ఒక కనీస జాబితా ప్రతిపాదించారు. అందులో చేరినవి హల్లుల్లో చాలావాటితో పాటు ప, ట, క వెనక ఊపిరి, అచ్చుల నిడివి, మాట మొదట్లోని సంయుక్తాక్షరాలు, వాక్యంలో ప్రధాన ఊనిక. ‘థింక్’ ధ్వని అందులో లేదు. దాన్ని త అనో, ద అనో పలికినా అర్థం చెడిన సందర్భాలు అరుదు. ఈ జాబితా మీద అభ్యంతరాలు లేకపోలేదు. మాటలోని ఊనికను ఆమె పక్కన పెట్టడం అన్నిటికంటే వివాదాస్పదం. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవారితో మాట్లాడాల్సినవారు ఆ ఒక్క విషయంలో ఆమె సలహాను పాటించకపోవడమే మంచిది. మిగతా జాబితా మాత్రం సమయం తక్కువ ఉన్నవారికి చాలా ఉపయోగపడుతుంది.

అధికారిక ప్రమాణాలు కూడా ఈ దారిలోకే వచ్చాయి. ఉచ్చారణ తప్పితే ప్రాణాల మీదికి వచ్చే రంగం విమానయానం. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ పైలట్లకు, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లకు 2008 నుంచి అమలుచేస్తున్న భాషా ప్రమాణాల్లో ఆరు స్థాయిలున్నాయి. అంతర్జాతీయ విధులకు నాలుగో స్థాయి చాలు. ఉచ్చారణ మీద మాతృభాష ప్రభావం ఉండవచ్చని, అది అర్థానికి అడ్డం వచ్చేది అప్పుడప్పుడు మాత్రమే కావాలని ఆ స్థాయి చెబుతుంది. అన్నిటికంటే పైదైన ఆరో స్థాయి వర్ణనలో కూడా మాతృభాష ప్రభావానికి చోటుంది. యూరప్‌లో భాషా సామర్థ్యాన్ని కొలిచే ఉమ్మడి ప్రమాణంలో ఉచ్చారణ భాగాన్ని 2018లో తిరగరాసి, యాస లేకపోవడాన్ని కాకుండా అర్థం కావడాన్ని గురిగా పెట్టారు. ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్ పరీక్షలో ఉచ్చారణ నాలుగు అంశాల్లో ఒకటి. అక్కడా చూసేది మాట ఎంత సులువుగా అందుతోందన్నదే.

సాధన ఎలా పనిచేస్తుంది

‘రోజూ గంటసేపు ఇంగ్లిష్ సినిమాలు చూడండి’ అన్న సలహా అందరూ ఇస్తారు. సబ్‌టైటిల్స్ చదువుతూ చూస్తే కథ అర్థమవుతుంది, చెవికి మాత్రం పని పడదు. 20 సెకన్ల మాటను తీసుకుని 20 సార్లు వినడం దీనికంటే మేలు. మొదట అక్షరాలు చూడకుండా వినాలి. ఏ సిలబుల్ మీద బరువు పడిందో కాగితం మీద గీతలు పెట్టుకోవాలి. ఆ తర్వాతే స్క్రిప్ట్ చూడాలి. విన్నది, రాసి ఉన్నది ఎక్కడ వేరుగా ఉన్నాయో అక్కడే నేర్చుకోవాల్సిన పాఠం ఉంది.

తర్వాతి మెట్టు మాట్లాడేవారి వెంటే, అరక్షణం వెనకగా, అదే మాట అంటూ పోవడం. మాటలు తప్పినా ఫర్వాలేదు, లయ తప్పకూడదు. దాన్ని ఫోన్‌లో రికార్డు చేసి అసలుదాని పక్కన పెట్టి వినాలి. మాట్లాడుతున్నప్పుడు మన గొంతు మనకు సరిగ్గా వినిపించదు, ఎందుకంటే కొంత ధ్వని ఎముకల గుండా చెవికి చేరుతుంది, పైగా మనసు అర్థం మీద ఉంటుంది. రికార్డింగ్‌లో ఆ రెండు అడ్డంకులూ ఉండవు. మొదటిసారి విన్నప్పుడు ఇబ్బందిగా ఉంటుంది. ఆ ఇబ్బందిని దాటినవారికే తమ తప్పు ఏ సిలబుల్‌లో ఉందో దొరుకుతుంది.

ధ్వనుల జంటల విషయంలో 1991 నాటి జపనీస్ ప్రయోగం చెప్పిన కిటుకునే పాటించవచ్చు. ఒక టీచర్ గొంతు, ఒక యాప్ గొంతు సరిపోవు. పడమర అనే ‘వెస్ట్’, చేతుల్లేని చొక్కా అనే ‘వెస్ట్’ లాంటి జంటల్ని ఆడగొంతుల్లో, మగగొంతుల్లో, ఆన్‌లైన్ నిఘంటువుల్లో ఉండే బ్రిటిష్, అమెరికన్ ఆడియోల్లో మార్చి మార్చి విని, ఏది ఏదో ఊహించి సరిచూసుకోవాలి. కొత్త మాట ఎదురైనప్పుడు అర్థంతో పాటు ఊనిక గుర్తును కూడా చూసి రాసుకోవడం చిన్న పనే, కానీ తర్వాత దిద్దుకోవాల్సిన శ్రమ తప్పుతుంది. ‘డెవలప్’, ‘హోటల్’, ‘ఈవెంట్’, ‘కమిటీ’ మాటల్లో ఊనిక రెండో సిలబుల్ మీద ఉందని ఒక్కసారి చూసుకుంటే ఏళ్ల నాటి అలవాటు మార్చుకోవడం మొదలవుతుంది.

వేగం తగ్గించడం గురించి ఒక మాట. తడబాటు కనిపించకుండా ఉండాలని వేగంగా మాట్లాడేవారు ఉంటారు. ఊనిక సరిగా లేని వేగం అర్థాన్ని ఇంకా చెడగొడుతుంది. అలాగని మాటకూ మాటకూ మధ్య ఆగడమూ పరిష్కారం కాదు. అర్థం పూర్తయిన చోట, పదబంధం చివర ఆగితే వినేవారికి ఊపిరి తీసుకునే చోటు దొరుకుతుంది.

వినేవారి వాటా

మాట అర్థం కావడం ఒక్క చేతి చప్పట్లు కాదు. డోనల్డ్ రూబిన్ 1992లో అమెరికన్ విద్యార్థులకు ఒకే గొంతులో రికార్డు చేసిన ఉపన్యాసం వినిపించారు. మాట్లాడేది ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్న వ్యక్తే. వింటున్నప్పుడు కొందరికి తెల్లజాతి మహిళ ఫొటో, కొందరికి ఆసియా మహిళ ఫొటో చూపించారు. ఆసియా ముఖం చూసినవారికి అర్థమైంది తక్కువ, యాస కూడా వేరుగా వినిపించినట్టు చెప్పారు. గొంతు ఒకటే, ముఖమే మారింది. 2010లో షిరీ లెవ్-ఆరీ, బోయజ్ కీసార్ మరో సంగతి బయటపెట్టారు. చిన్న చిన్న లోకజ్ఞాన విషయాల్ని పరాయి యాసలో విన్నప్పుడు జనం కాస్త తక్కువగా నమ్మారు. వినడానికి శ్రమ పడాల్సి వస్తే, ఆ శ్రమను మనసు ‘ఇది నిజం కాదేమో’ అని లెక్కగడుతోందన్నది వారి వివరణ.

యంత్రాల చెవికీ పక్షపాతం ఉంది. 2020లో అమెరికాలో అయిదు పెద్ద కంపెనీల స్పీచ్ రికగ్నిషన్ వ్యవస్థల్ని పరీక్షిస్తే, తెల్లజాతివారి మాటల్లో తప్పు సగటున నూటికి 19 ఉండగా, నల్లజాతివారి మాటల్లో 35 తేలింది. ఇద్దరిదీ మాతృభాష ఇంగ్లిషే. ఏ రకం గొంతులతో యంత్రానికి తర్ఫీదు ఇచ్చారో ఆ గొంతులే దానికి బాగా అర్థమవుతాయి. కాబట్టి ఫోన్ మన మాట పట్టుకోలేకపోయిన ప్రతిసారీ తప్పు మన నాలుకదే అనుకోనక్కర్లేదు.

యాస మార్చే సాఫ్ట్‌వేర్‌ను ఈ నేపథ్యంలోనే చూడాలి. కస్టమర్ కేర్ ఉద్యోగి మీద ఫోన్‌లో జరిగే అవమానాల్ని అది కొంత తగ్గించవచ్చు. ఆ మేరకు దాని మేలును కాదనలేం. కానీ ఊనిక తెలియని మనిషికి ఊనిక నేర్పడం దాని పని కాదు, ఫోన్ పెట్టేశాక అది తోడు రాదు. పైగా రకరకాల యాసలు చెవిన పడటం తగ్గిపోతే వినేవారి ఓపిక, నేర్పు రెండూ తగ్గే ప్రమాదం ఉంది. ఎందుకంటే వినేవారి చెవి కూడా అలవాటుతో మారుతుంది. 2004లో క్లార్క్, గారెట్ చేసిన ప్రయోగాల్లో కొత్త యాసకు శ్రోతలు ఒక్క నిమిషంలోపే సర్దుకోవడం మొదలుపెట్టారు. 2008లో బ్రాడ్‌లో, బెంట్ చూపించినది ఇంకా ముందుకు వెళ్లింది. ఒకే మాతృభాషకు చెందిన పలువురి ఇంగ్లిష్ విన్నవారు, ఆ యాసలో మాట్లాడే కొత్త వ్యక్తిని కూడా తేలిగ్గా అర్థం చేసుకున్నారు.

2002లో డెర్వింగ్, రోసిటర్, మన్రో శిక్షణను అటువైపు నుంచే ఇచ్చి చూశారు. కెనడాలో సామాజిక సేవ చదువుతున్న, ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్న విద్యార్థులకు వియత్నామీస్ యాస ఎలా ఉంటుందో, అందులో ఏ ధ్వని ఎందుకు మారుతుందో విడమర్చి నేర్పారు. ఆ పాఠాలు విన్న విద్యార్థులకు, పరాయి యాసలో మాట్లాడేవారితో సంభాషించగలమన్న ధైర్యం పెరిగింది.